పచ్చబూజు వంశావళి

గత కార్తికమాసమున మా పుట్టినింటినుండి అన్నగారు ఒక గోనెడు మొక్కజొన్నలు పంపిరి. ఆ యేడు కోతవేళ వానలు విడువలేదు. పొత్తులు కళ్లములోనే నానినవట. గోనెమూతి విప్పగానే ముక్కిన వాసన కొట్టెను. చాటలో పోసి చూడగా పెక్కు గింజలు ఆకుపచ్చని పొడి కప్పుకొని యుండెను. నేనును, పదియేండ్ల నా కుమార్తెయు కూర్చుండి ఒక పూటయంతయు ఏరితిమి. మంచివి డబ్బాకెత్తితిమి. చెడినవి రెండు చాటలైనవి.

అన్నమును అవమానింపరాదని పెద్దలవలన విన్నదానను. ఆ గింజలను పెంటకుప్పపై పోయుటకు చేయి రాలేదు. మా యింట అంట్లుతోము అవ్వను పిలిచి, “అవ్వా, ఇవి తీసుకొనిపో. కోళ్లకు వేయి. కాస్త బాగున్నవి ఏరుకొని రొట్టె చేసుకో” అంటిని. ఆమె సంతోషముతో కొంగు పట్టినది. ఆమె వీధిగడప దాటిన పిమ్మట నా కుమార్తె, “అమ్మా, మనము తినకూడనివి అవ్వ తినవచ్చునా?” అని యడిగినది.

“పెద్దల సంగతులు నీకెందుకే” అని కసరితిని గాని, ఆ ప్రశ్న నన్ను విడువలేదు. బాల్యమున మా తండ్రిగారు చెప్పిన నచికేతుని కథ మనస్సున మెదలెను. పాలుడిగిన ముసలి గోవులను దానమిచ్చుచున్న తండ్రిని చూచి, ఇట్టి దానము వలన కలుగు పుణ్యమేమని ఆ బాలుడు తల్లడిల్లెను గదా! నేనిచ్చినది దానమా, లేక నా యింటి చెత్తను మరియొకరి కంచములోనికి త్రోయుటయా?

సాయంకాలము మా వారు బడినుండి రాగానే ఈ మాట చెప్పితిని. వారు ఉన్నత పాఠశాలలో విజ్ఞానశాస్త్రము బోధింతురు. కాఫీగ్లాసు క్రింద పెట్టి, “ఆ గింజలు ఆమె నోటబడకమునుపే తెచ్చివేయవలెను, పద” అనిరి. మేము మంచి గింజలు ఒక సంచిలో పోసికొని అవ్వ యింటికి పోతిమి. ఆమె అప్పటికే గింజలు కడిగి పాతచీరపై ఆరబోసి యుండెను. “కడిగేశానమ్మగారూ, పచ్చంతా పోయింది. రేపు మర పట్టించుకుంటా” అన్నది. మేము వచ్చిన పని చెప్పి, గింజలకు గింజలు మార్చితిమి. ఆమె నవ్వుచు, “ఇన్నేళ్లుగా అందరూ ఇచ్చేవి ఇలాంటివే గదమ్మా!” అన్నది. ఆ మాటకు నా యొద్ద సమాధానము లేకపోయెను.

నాటినుండి మా వారివలన ఈ పచ్చబూజును గూర్చి తెలిసికొనినదానిని సోదరీమణులకు మనవి చేయుచున్నాను. బూజు అని మనమొక్క మాటతో త్రోసివేయునది నిజమునకొక్కటి కాదు. దానిలో పెక్కు వంశములున్నవి. అందు కొన్ని ప్రాణాంతకములు, కొన్ని నిరపాయములు. ఏది యేదియో కంటికి తెలియదు. ఈ ఒక్క సంగతి బోధపడినచో మన వంటయింటి నడవడి మారక తప్పదు.

బూజు పేరు, పుట్టుక

ఒక ఆదివారమునాడు మా వారు నన్నును పిల్లను బడికి తీసికొనిపోయి, ఒక గింజపై బూజును సూక్ష్మదర్శినిలో చూపిరి. తెల్లని సన్నని కాడ, కాడ చివర గుండ్రని తల, ఆ తలచుట్టును పూసలు గ్రుచ్చినట్లు వరుసలు వరుసలుగా రేణువులు. “చేమంతిపూవు!” అని పిల్ల కేకవేసినది. ఆ రేణువులే బూజునకు విత్తనములు. ఇటలీ దేశమున ఫ్లారెన్సు నగరమునందలి వృక్షశాస్త్రజ్ఞుడును మతాచార్యుడును నగు మికేలీ యనువాడు 1729లో ఇట్టి బూజులను చూచి, తమ దేవాలయములలో పవిత్రజలమును చిలుకరించు సాధనమువలె నున్నవని ఆ సాధనము పేరే పెట్టి, ఈ జాతిని ఆస్పర్జిల్లస్ అనెను. మన గింజలపై బూజునకు ఆస్పర్జిల్లస్ ఫ్లేవస్ అని పేరు. ఫ్లేవస్ అనగా లాటిను భాషలో పసుపువన్నె గలది. ఆకుపచ్చనిదానికి పసుపు పేరేల యని నేనడిగితిని. ఇది మొదట పసుపుగా నుండి పిమ్మట పచ్చబారునట. మన తెనుగున పచ్చ యను మాట రెండు వన్నెలకును చెల్లును గనుక మనకు చిక్కే లేదు.

ఈ బూజు మట్టిలో, ఎండుటాకులలో, చేనిలో మిగిలిన మోళ్లలో కాపురముండును. ఎండకాలమున రేణువులు గాలిలో తేలి పైరుపై వ్రాలును. మొక్కజొన్నయందు పొత్తు చివర వ్రేలాడు పీచుగుండను, పురుగు తొలిచిన రంధ్రముగుండను గింజలోనికి ప్రవేశించును. గింజ పాలుపోసికొను వేళ వాన లేక ఎండలు కాచినచో పైరు నీరసించి దీనికి లొంగిపోవును. కోసిన పిమ్మట గింజ తడిగా నున్నచో నిలువలోను పెరుగును. కావున కొంత కీడు చేనిలోనే పుట్టి మన గాదెకు వచ్చును. కొంత మన గాదెలోనే పుట్టును.

దీని విషము లోకమునకు తెలిసినది 1960లో. ఇంగ్లండులో ఆ యేడు లక్షకు పైగా టర్కీకోళ్లు కొలదినెలలలో చచ్చినవి. కారణము తెలియక మొదట ఆ రోగమునకు ‘టర్కీ ఎక్స్’ అని పేరిడిరి. వెదుకగా వెదుకగా, వాటి మేతలో కలిపిన బ్రెజిలు దేశపు వేరుశనగపిండిలో ఈ బూజు విషము దొరకెను. ఆస్పర్జిల్లస్‌నుండి ‘అ’, ఫ్లేవస్‌నుండి ‘ఫ్ల’ గైకొని, విషమును దెలుపు టాక్సిన్ అను పదము చేర్చి ‘అఫ్లటాక్సిన్’ అని పేరిడిరి. ఇది ముఖ్యముగా కాలేయమును కొట్టును. మిక్కిలి హెచ్చుగా తినినవారికి కొలదిదినములలోనే పచ్చకామెర్లు వచ్చును. స్వల్పముగా నేండ్లతరబడి తినినవారికి కాలేయమునందు క్యాన్సరు పుట్టవచ్చును. హెపటైటిస్-బి యను కామెర్ల సూక్ష్మజీవి దేహమునందున్నవారికి ఈ ప్రమాదము పెక్కు రెట్లు హెచ్చు. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సరు పరిశోధన విభాగమువారు దీనిని మానవులకు నిశ్చయముగా క్యాన్సరు కలిగించు వస్తువుల వరుసలో చేర్చియున్నారు.

1974 నాటి సంగతి

ఇది పరదేశపు కోళ్ల కథయే యని మనము ఊరకుండుటకు వీలులేదు. 1974లో, ఆశ్వయుజ కార్తికముల ప్రాంతమున, రాజస్థానమునందలి బాన్స్‌వాడా జిల్లాలోను, దాని ప్రక్కనున్న గుజరాతులోని పంచమహల్ జిల్లాలోను వందకు పైగా గ్రామములలో పచ్చకామెర్లు వ్యాపించెను. కడుపున నీరు చేరి పొట్టలుబ్బి జనులు చచ్చుచుండిరి. వారి యిండ్ల కుక్కలును అట్లే చచ్చినవి. మన హైదరాబాదునందలి జాతీయ పోషకాహార సంస్థనుండి వైద్యశాస్త్రజ్ఞులు పోయి పరిశోధించిరి. రోగము పట్టినవారు 397 మంది. అందు 106 మంది మరణించిరి.

కారణము మొక్కజొన్న. అకాలవర్షమునకు తడిసి పచ్చబూజు పట్టిన గింజలను ఆ జనులు రొట్టె చేసికొని తినిరి. వారు నిరుపేదలు, పెక్కుమంది అడవిజాతులవారు. బూజు కనబడక తినినారా? కనబడినది. కాని యింట మరియొక గింజ లేదు. వేరు ధాన్యము కొనగల యిండ్లవారికి ఆ రోగము సోకలేదు. కుక్క తినినదియు ఆ రొట్టె ముక్కయే. నేడు మన దేశమున ధాన్యమునందు ఈ విషమునకు విధించిన హద్దు కిలోకు 15 మైక్రోగ్రాములు. మైక్రోగ్రామనగా గ్రాములో పదిలక్షలవ వంతు. నాడు ఆ గ్రామముల గింజలలో కిలోకు 6 మొదలు 15 మిల్లీగ్రాములకు పైగా నుండెను. అనగా నేటి హద్దునకు నాలుగువందల రెట్లు మొదలు వెయ్యిరెట్లు.

ఈ సంగతి వినినపుడు నా కన్నుల యెదుట నిలిచినది అవ్వ పాతచీరపై ఆరబోసిన గింజలే.

ఒక్క పేరు, పలు వంశములు

ఇంక ముఖ్యవిషయమునకు వత్తును. వడ్లు అన్న ఒక్క మాటలో అక్కుళ్లు, మొలగొలుకులు, సాంబలు మున్నగు నెన్ని రకములిమిడి యున్నవో, ఫ్లేవస్ అన్న ఒక్క పేరులో నన్ని వంశములిమిడి యున్నవి. ఒక చేని మట్టి చిటికెడు తీసినను అందు పలు వంశములవారుందురు. కొన్ని వంశములు విషమును ధారాళముగా చేయును. కొన్ని కొంచెముగా చేయును. కొన్ని బొత్తిగా చేయలేవు. అన్నియు నొకే చేనిలో, ఒకే పొత్తుపై, ఇరుగుపొరుగులుగా బ్రదుకును.

వంశములను గుర్తించుటకు శాస్త్రజ్ఞులు మొదట కనిపెట్టిన యుపాయము ముచ్చటగా నున్నది. రెండు బూజులను ఒక పళ్లెములో ఎదురెదురుగా పెంచుదురు. వాటి దారములు ప్రాకి ప్రాకి ఒండొంటిని తాకును. రెండును ఒకే వంశమువైనచో దారములు కలసి యొక్కటియగును. పరవంశమైనచో కలియక తొలగును. మనలో సగోత్రీకులకు వియ్యము లేదు. ఈ బూజులలో సగోత్రమునకే పొత్తు! ఇట్లు కలియువానినెల్ల ఒక వంశముగా లెక్కించి, ఒక్కొక్క దేశమున నెన్నియో వంశములను వేరుపరచిరి. పిమ్మట జీవుల పుట్టుకను నిర్ణయించు జన్యువులను అక్షరమక్షరముగా చదువు విద్య వచ్చినందున ఈ వంశావళి మరింత స్పష్టమైనది.

జన్యువులన నేమని నేనడిగితిని. మా వారు, “మీ తండ్రిగారి యింట తాటాకు గ్రంథములు చూచినావు గదా, అట్లనుకొనుము” అనిరి. ఆ పోలిక నాకు సులభముగా పట్టుబడెను. ప్రతి బూజులోను దాని బ్రదుకంతయు వ్రాసియున్న ఒక గ్రంథము గలదు. ఈ ఫ్లేవస్ గ్రంథమున సుమారు మూడుకోట్ల డెబ్బదిలక్షల అక్షరములు, పండ్రెండువేలకు పైగా జన్యువులు గలవు. ఒక్కొక్క జన్యువు ఒక్కొక్క వాక్యమువంటిది. విషమును వండు విధానము తెలుపు వాక్యములు సుమారు ముప్పది; అవియన్నియు చెదరిపోక ఒక్కచోటనే, ఒక అధ్యాయమువలె వరుసగా నున్నవి. ఆ అధ్యాయము సరిగానున్న ప్రతి గల బూజు విషము చేయును.

అయితే గ్రంథమును ప్రతి యెత్తునపుడు వ్రాయసకాండ్రు పొరపాట్లు చేయుదురు. ఒకచో అక్షరము మారును. ఒకచో ఆకులే జారిపోవును. అందువలననే గదా మన కావ్యములకు పాఠభేదములు! బూజు తరతరములుగా తన గ్రంథమును ప్రతి యెత్తికొనునపుడును ఇట్లే జరుగును. అమెరికా దేశమున అరిజోనా రాష్ట్రమునందు దొరకిన ఒక వంశమునకు ఏఎఫ్ 36 అని పేరు. దానియందు విషపు అధ్యాయమున నొక ముఖ్యవాక్యములో ఒక్క అక్షరము మారినది. ఆ మార్పువలన వాక్యము నడుమనే ముగిసిపోయి అర్థము చెడినది. దానితో ఆ వంశము విషము చేయలేనిదయ్యెను. జార్జియా రాష్ట్రమున వేరుశనగపై దొరకిన మరియొక వంశమునకు ఆ అధ్యాయమే లేదు, ఆకులన్నియు జారిపోయినవి. ఇట్లు నిరపాయములైన వంశములు లోకమున నొకటి రెండు కావు. వెదకిన ప్రతి దేశముననునున్నవి.

ఈ పాఠభేదములకు మరియొక కారణమును గలదు. ఫ్లేవస్ ఒంటరిగా రేణువులు చల్లియే వ్యాపించునని చాలకాలము తలచిరి. కాని 2009లో అమెరికా శాస్త్రజ్ఞులు దానిలో రెండు తెగలవి కలసి సంతానము కనుటయు గలదని చూపిరి. అనగా రెండు ప్రతుల ఆకులు కలసి క్రొత్తప్రతి పుట్టుట. బూజు సంతతియందు ఇంత వైవిధ్యమెట్లు నిలుచుచున్నదో దీనివలన కొంత తెలిసినది.

కంటిని నమ్మరాదు

“అట్లయిన మన గింజలపైది మంచివంశమే యేమో?” అని నేనంటిని. కాని ఇక్కడనే మన గృహిణుల తెలివి పనికిరాని చోటున్నది.

ఈ బూజులలో రూపమునుబట్టి రెండు విధములవి గలవు. ఒక విధము గట్టిపడిన పెద్ద గడ్డలు కొలదిగా కట్టి, ఆకుపచ్చని రేణువులను విస్తారముగా చల్లును. మరియొక విధము ఇసుకరేణువులవంటి చిన్ని గడ్డలు అసంఖ్యాకముగా కట్టి, ఆకుపచ్చని రేణువులను కొంచెముగా మాత్రమే చల్లును. మనకు భయము పుట్టించునది మొదటిది. దానిలో విషము చేయునవి, చేయనివి రెండును గలవు. రెండవదియో, పైకి అంతగా కనబడకయే విషమును హెచ్చుగా చేయును. ఆర్భాటము గలవాని కంటె మెత్తగా నుండువాడే యపాయకరుడని మన కథలలో చదువుట లేదా?

2004లో తూర్పు ఆఫ్రికాయందలి కెన్యా దేశమున ఈ సంగతి దారుణముగా వెల్లడియైనది. అచ్చటివారికి మొక్కజొన్నపిండితో వండు ఉగాలియే నిత్యాహారము, మన సంకటివంటిది. ఆ యేడు తూర్పుజిల్లాలయందు 317 మందికి ఈ విషమువలన జబ్బుచేయగా 125 మంది మరణించిరి. అచ్చటి గింజలలోని బూజులను అమెరికా వ్యవసాయశాఖకు చెందిన పీటర్ కాటీ యను శాస్త్రజ్ఞుడును అతని సహచరులును పరీక్షించిరి. రోగము వచ్చిన ప్రాంతపు గింజలలో ఆ చిన్నిగడ్డల విధమే ప్రబలముగా నుండెను. తరువాత జన్యువులను చదువగా, ఆ కెన్యా వంశము అంతవరకు తెలిసిన చిన్నిగడ్డల వంశములకు వేరైనదని 2012లో ప్రకటించిరి. ఎండ, వాన, తడినిలువ అన్నవే గాక, ఆ నేలలో నే వంశము పాతుకొనియున్నదో ఆ సంగతియు మనుష్యుల చావుబ్రదుకులను నిర్ణయించినదన్నమాట.

ముల్లును ముల్లుతో

విషమునకు మూలమైన ఈ వైవిధ్యమునందే విరుగుడును దొరకినది. నేలలో చోటు ఒక్కటే, పోటీపడువారు పలువురు. నిరపాయవంశమును ముందుగా ఆ చోటున కూర్చుండబెట్టినచో విషవంశమునకు చోటుండదు. పీటర్ కాటీ మున్నగువారు ఈ యుపాయమును మొదట అరిజోనా ప్రత్తిచేలలో నడపిరి. ఏఎఫ్ 36ను వాడుటకు 2003లో అచ్చటి ప్రభుత్వము అనుమతించెను. తరువాత నైజీరియాలోని ఇబాదాను నగరముననున్న అంతర్జాతీయ ఉష్ణమండల వ్యవసాయ సంస్థవారు ఆఫ్రికా రైతులకొరకు ‘అఫ్లసేఫ్’ అను మందును సిద్ధపరచిరి. అది నైజీరియాలో 2014లోను, కెన్యాలో 2015లోను ప్రభుత్వపు అనుమతి పొందినది.

ఆ మందు వివరము వినుటకు వింతగా నుండును. అది జొన్నగింజయే! మొలకెత్తకుండ వేయించిన జొన్నలకు నిరపాయవంశముల రేణువులను పట్టించి, తినువస్తువని పొరపడకుండుటకు నీలిరంగు వేయుదురు. పైరు పూతకు వచ్చుటకు రెండు మూడు వారములముందు ఎకరమునకు సుమారు నాలుగు కిలోల చొప్పున చేనిలో చల్లుదురు. తేమ తగులగానే ఆ జొన్నలపై నిరపాయపు బూజు విరియబూచి, రేణువులు చల్లి, పైరును ముందుగా నాక్రమించును. సరిగా వాడినచోట్ల విషము నూటికి ఎనుబదివంతులవరకును, అంతకు మించియును తగ్గినది.

ఇందు గమనింపదగినదేమనగా, ఒక దేశపు వంశమును మరియొక దేశమున చల్లరు. ఆ నేలకు, ఆ ఎండకు అలవాటుపడిన నాటువంశములనే వెదకి తెచ్చెదరు. అదియు ఒక్కదానిని గాదు. కెన్యా మందులో నాలుగు నాటువంశములు గలవు. అందుచేతనే ముందు ఆ దేశపు బూజుల వంశావళిని పూర్తిగా వ్రాసికొనవలెను. ఎవరికిని పనికిరాదని మనము తలచు ఈ వంశవిచారము ఎన్నియో కుటుంబముల అన్నమును కాపాడుచున్నది.

మరియొక విశేషము. జపాను దేశీయులు సోయాచిక్కుళ్లను, బియ్యమును పులియబెట్టుటకు వేయేండ్లకు పైగా వాడుచున్న కోజీ యను బూజు గలదు. సోయా సాసు, మీసో యను పప్పుముద్ద దానివలననే రుచిపొందును. దాని శాస్త్రనామము ఆస్పర్జిల్లస్ ఒరైజె. దాని గ్రంథమును 2005లో పూర్తిగా చదివి ప్రకటించిరి. అది మన ఫ్లేవస్‌నకు అతిసమీపజ్ఞాతి. మనుష్యుల యింట పెరిగి విషమును మరచిన శాఖ యనవచ్చును. పాలసముద్రమునుండి హాలాహలమును, అమృతమును రెండును పుట్టినట్లు, ఒక్క కుదురునుండియే ఈ రెండును పుట్టినవి. కాని సోదరీమణులారా, మన గాదెలోని బూజును చూచి ఇది అమృతపు శాఖయని మాత్రము తలపోయకుడు. నిరపాయవంశమును ఎన్నుకొనుట చేనికి, ప్రయోగశాలకు సంబంధించిన పని. వంటయింటి పని గాదు.

గృహిణి చేయదగినవి

మొదటిది: కడిగినను, వండినను విషము పోదు. కడుగగా పోవునది పైనున్న పచ్చని రేణువులే. విషము గింజలోపల నుండును. అన్నముడుకు వేడికి, రొట్టె కాలు వేడికి అది చాలవరకు చెక్కుచెదరదు. అవ్వ కడిగిన గింజలు చూచుటకు మంచివైనవి గాని తినుటకు మంచివి కాలేదు.

రెండవది: ఏరుట వ్యర్థము గాదు. విషము సాధారణముగా కొలది గింజలలోనే హెచ్చుగా చేరియుండును. కావున బూజుపట్టినవి, రంగుమారినవి, ముడుచుకొనినవి, పురుగు తొలిచినవి, విరిగినవి ఏరి తీసివేసినచో విషము బాగుగా తగ్గును. కాని బొత్తిగా పోయినదని చెప్పరాదు. గోనెయంతయు ముక్కిన వాసన వేయుచు, చాట చాటకు బూజు కనబడుచున్నచో ఆ గోనె ఆశ విడువవలెను.

మూడవది: ఏరిన చెడుగింజలను పశువులకు, కోళ్లకు వేయరాదు. పాడిపశువు తినినచో ఆ విషము కొంత రూపుమారి పాలలో దిగును; పాలు కాచినను పోదు. మన దేశమున పాలకు విధించిన హద్దు కిలోకు అర మైక్రోగ్రామే. చంటిబిడ్డల తల్లి తినినచో చనుబాలలోను దిగును. కావున అట్టి గింజలను లోతుగా పూడ్చుట మేలు.

నాలుగవది: గింజ బాగుగా ఎండిన పిమ్మటనే నిలువచేయవలెను. పొత్తులను వట్టినేలపై గాక పట్టాపై ఆరబోయవలెను. ఎండినదా లేదా తెలిసికొనుటకు ఉప్పుసీసా పరీక్ష యొకటి గలదు. పొడియైన గాజుసీసాలో మూడవవంతు గింజలు పోసి, బాగుగా ఎండిన మెత్తని ఉప్పు రెండు మూడు చెంచాలు వేసి, మూతపెట్టి ఒక నిమిషము కుదుపవలెను. పావుగంట కదలింపక ఉంచవలెను. ఉప్పు సీసాగోడకు అంటుకొనినచో గింజలో తేమ నూటికి పదునైదు వంతులకు పైగా నున్నదని అర్థము, ఇంకను ఎండబెట్టవలెను. అంటుకొననిచో నిలువకు పనికివచ్చును. మొక్కజొన్న యేడాది నిలువయుండవలెనన్నచో తేమ పదుమూడు వంతులకు మించకుండుట మేలు.

అయిదవది: పచ్చబూజు లేదుగదా యని ఇతర బూజులను ఉపేక్షింపరాదు. 1995లో మన దక్కను పీఠభూమి గ్రామములలో వానకు తడిసి బూజెక్కిన జొన్నలు, మొక్కజొన్నలు తినిన కుటుంబములవారికి కడుపునొప్పి, విరేచనములు పట్టుకొనినవి. జాతీయ పోషకాహార సంస్థవారు పరిశోధింపగా అది ఫ్యుజేరియం అను వేరొక బూజు చేయు ఫ్యుమోనిసిన్ అను విషమని తేలినది. మొక్కజొన్నపై అది తెల్లగానో, లేతగులాబిరంగుగానో యుండును. దానిలోను జాతులు, వంశములు పెక్కు గలవు.

చివరిమాట

అన్నమును అవమానింపరాదన్న పెద్దల మాట నేటికిని నాకు శిరోధార్యమే. కాని చెడిన గింజను పూడ్చుట అన్నమును అవమానించుట కాదని ఇప్పుడు తెలిసినది. దానిని మంచి గింజయని చెప్పి పేదవాని చేతిలో పెట్టుటయే అవమానము. అన్నమునకును, ఆ మనుష్యునకును గూడ. బాన్స్‌వాడా జనులకు మరియొక గింజ లేక తినిరి. మన యిరుగుపొరుగున అట్టి స్థితి గలవారికి మనమే ఆ గింజలు పంచిపెట్టుట ఎంతటి తప్పు!

ఇపుడు మా యింట గోనె విప్పగానే ఇతరులకు ఈయదలచినది ముందు, మంచిదానినుండి తీసిపెట్టుచున్నాను. మిగిలినదే మాకు. ఈ యేర్పాటు నా కుమార్తె చేసినది.

ఈ వేసవిలో అవ్వకు తన కూతురి చేనినుండి కొన్ని మొక్కజొన్నలు వచ్చినవి. మా యింటి ఉప్పుసీసా పరీక్షను ఆమె వెనుకనే చూచియున్నది. మొన్న మనుమరాలిచేత సీసా పట్టించి పంపినది. ఆ పిల్ల గుమ్మములో నిలిచి, “ఉప్పు అంటుకుందంటండీ. ఇంకో రెండెండలు పెడతానని అవ్వ చెప్పమంది” అన్నది.